దీవికిఁ బోయి యింటికూడు వెదకుట

సెలవులలో మాల్దీవులకుఁ బోవు మనవారిలోఁ గొందఱు పచ్చడిజాడీలు వెంటఁ గొనిపోవుచున్నారు. ఆవకాయయందు మాకును మమకారము తక్కువ కాదు గాని, యీ పద్ధతి మాకు నచ్చలేదు.

ఆ దీవులు పగడపుటిసుకదిబ్బలు. బియ్యము, గోధుమపిండి యోడలమీఁద రావలసినవే. వారి సొంతసొత్తు ట్యూనా చేపయుఁ గొబ్బరియు. జాలరులు వల వేయక, గాలముతో నొక్కొక్క చేపనే పట్టుదురు. దాని తునుకలకుఁ గోరిన కొబ్బరి, ఉల్లి, మిరప, నిమ్మరసము చేర్చిన 'మాస్ హుని'ని యుదయమున రొట్టెతోఁ దిందురు. ఎంత కమ్మని వంటకము! 1972లో విహారగృహములు వెలసిన పిదప దూరదేశపు మాంసములును ఫలములును వచ్చి దిగుచున్నవి. అతిథులందఱు వానినే కోరినచో జాలరికి మిగులునదేమి?

శాకాహారులను మేము నిర్బంధింపము. వారికి సీమపనస కలదు. తక్కినవారు మొదటి యుదయమున నా రొట్టెను అడిగి తినుఁడు. జాడీమూఁత మఱునాఁడు తీయవచ్చును.