గంజాయి నూనెతో నడుం బిగుతు పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. నాలుగేళ్లుగా తెల్లవారుజామున నడుం నొప్పితో లేచి కూర్చుంటున్నాడు. పొద్దున్నే నడుం కర్రలా బిగుసుకుపోతోంది. కాసేపు తిరిగితే సడలుతుంది. పరీక్షలు చేసి 'యాంకైలోజింగ్ స్పాండిలైటిస్' అన్నారు. మాత్రలతో తగ్గలేదు, ఇంజెక్షన్లు కావాలంటున్నారు. ఖర్చుకు భయపడుతున్నాం. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు 'ఇక్కడ గంజాయి నూనె వాడుతున్నారు, పంపిస్తాను' అంటున్నాడు. వాడొచ్చా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు జబ్బు సంగతి చూద్దాం. మామూలు నడుంనొప్పి పనిచేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం. మనల్ని కాపాడాల్సిన రోగ నిరోధక వ్యవస్థే తుంటి, వెన్నుపూసల కీళ్ల మీద దాడి చేసి వాపు తెస్తుంది. అలా ఏళ్లు గడిస్తే కొత్త ఎముక పెరిగి పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాబట్టి నొప్పి తగ్గించుకోవడం ఒక్కటే సరిపోదు. లోపలి వాపునూ అణచాలి.

ఇక గంజాయి. దీనిపై ఆశలు ఊరికే పుట్టలేదు. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్ బృందం తేల్చింది. మత్తు కలిగించని మరో పదార్థం సీబీడీ. 2000లో మెషూలమ్, లండన్ పరిశోధకులు కలిసి కీళ్లవాతం తెప్పించిన ఎలుకలకు సీబీడీ ఇచ్చి చూశారు. వాటి కీళ్ల వాపు తగ్గింది.

మరి మనుషుల్లో? 2006లో బ్రిటన్‌లో 58 మంది రుమటాయిడ్ కీళ్లవాత రోగులపై ఐదు వారాల అధ్యయనం వెలువడింది. ఈ రెండు పదార్థాలున్న స్ప్రేను నోట్లో కొట్టుకున్నవారికి నొప్పి తగ్గి, నిద్ర మెరుగైంది. పొద్దుటి బిగుతులో మాత్రం తేడా కనిపించలేదు. మీ అబ్బాయి జబ్బుకు దగ్గరి చుట్టం లాంటిది సోరియాటిక్ కీళ్లవాతం. ఆ రోగులతో పాటు చేతివేళ్ల కీళ్లు అరిగినవారికీ కలిపి మొత్తం 136 మందికి డెన్మార్క్‌లో 12 వారాలు పరీక్ష జరిపారు. సీబీడీ మాత్రలు ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగ్గా పనిచేయలేదని 2022లో తేలింది. వెన్నుపూసలు అతుక్కోకుండా గంజాయి ఆపుతుందని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.

ఒక విశేషం చెప్పాలి. ఆ ఎలుకల ప్రయోగంలో పాల్గొన్న మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కలిసే కీళ్లవాతంలో టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే చికిత్సకు బాట వేశారు. మీ డాక్టరు చెప్పే ఇంజెక్షన్లు బహుశా ఆ కోవలోవే. ఇవి వాపును నేరుగా అణుస్తాయి. త్వరగా మొదలుపెట్టి ఏళ్ల తరబడి వాడితే ఎముక పెరుగుదల కూడా నెమ్మదించవచ్చని పరిశీలనలు చెబుతున్నాయి. వీటిలో ఒకటైన అడాలిముమాబ్ 2014 నుంచి మన దేశంలోనే తయారవుతోంది, అసలు మందు కన్నా చవక. మీ డాక్టరుని దాని గురించి అడగండి. అయితే మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

నూనె తెప్పించే ఆలోచన మానుకోండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి దగ్గరుంచుకోవడమే నేరం. పార్సిల్ పట్టుబడితే కుర్రాడు చిక్కుల్లో పడతాడు. పైగా సీబీడీ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఇతర మందుల పనికీ అడ్డొస్తుంది.

మీ అబ్బాయికి సిగరెట్ అలవాటుంటే వెంటనే మాన్పించండి. పొగతాగేవారిలో వెన్ను త్వరగా దెబ్బతింటుంది. రోజూ వ్యాయామం, వీలైతే ఈత, గట్టి పరుపు, పల్చటి దిండు మేలు చేస్తాయి. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.

నొప్పి తగ్గిందా అని మాత్రమే అడగకండి. వంగితే చేతివేళ్లు నేలకు ఎంత దూరంలో ఆగుతున్నాయో నెలకోసారి కొలిచి రాసుకోండి. దూరం పెరుగుతుంటే, నొప్పి లేకపోయినా సరే, డాక్టరు దగ్గరికి వెళ్లండి.