రోడ్డు దాటడం నేరమా?

పదిహేనేళ్ళుగా పని మీద హైదరాబాదు నుంచి కర్నూలు వైపు కారు నడుపుకుంటూ వెళ్తున్నాను. ఒక సాయంత్రం షాద్‌నగర్ దాటాక, రోడ్డు మధ్య డివైడర్ మీద ఒకామె నిలబడి ఉంది. నెత్తిన గడ్డిమోపు, చేతిలో పిల్ల. నా వేగం ఎనభై పైనే. ఆమె అడుగు ముందుకేసింది. నేను బ్రేకు తొక్కాను. వెనక లారీ హారన్ మోగించింది. ఆమె బెదిరి వెనక్కి జరిగింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "చూసుకుని దాటొచ్చు కదమ్మా!"

ఆమె చూసుకునే దాటుతోంది. చూసుకోవలసింది నేను. ఇల్లు చేరాక గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్న నేను కూడా స్టీరింగ్ పట్టుకోగానే రోడ్డు నాదే అనుకున్నాను.

రోడ్డు ప్రమాదాల గురించి మన చర్చంతా బండి నడిపేవాళ్ళ చుట్టూనే తిరుగుతుంది. అతివేగం, తాగి నడపడం, నిద్రమత్తు, హెల్మెట్. ఇవి కారణాలు కావని నేననను. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. అందులో 61,038 మంది చనిపోయింది జాతీయ రహదారుల మీద. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో ఇవి సుమారు రెండు శాతం. చావుల్లో మాత్రం 36 శాతం. నూటికి డెబ్భై చావులకు అతివేగమే కారణమని ఆ లెక్కలే చెప్తాయి. సరే. కానీ వేగంగా పోవడానికే కదా ఈ రోడ్లు వేసింది? ఊరిని రెండు ముక్కలుగా కోసి, మధ్యలో నాలుగు లేన్లు పరిచి, తీరా మనిషి చచ్చాక డ్రైవర్‌దో, అడ్డం వచ్చినవాళ్ళదో తప్పని తేల్చడం ఏం న్యాయం? అదే ఏడాది రోడ్ల మీద నడుస్తూ చనిపోయిన 32,825 మంది చేతుల్లో ఏ స్టీరింగూ లేదు.

2013 అక్టోబర్ 30న ఇదే రహదారి మీద, మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగుళూరు నుంచి వస్తున్న బస్సు కల్వర్టుకి గుద్దుకుని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. దేశమంతా కదిలింది. కదలాల్సిందే. కానీ అదే జిల్లాలో, అదే రోడ్డు పక్కన పెద్దకుంట అనే తండా ఉంది. బైపాస్ పడ్డాక అక్కడి వాళ్ళు ఏ పనికైనా రహదారి దాటాల్సి వచ్చింది. 35 ఇళ్ళ ఆ తండాలో ఒక్కరు తప్ప పెద్దవయసు మగవాళ్ళందరూ రోడ్డుకి బలయ్యారని 2015లో పత్రికలు రాశాయి. ఒకేసారి 45 మంది పోతే అది ఘోర ప్రమాదం. ఏళ్ళ తరబడి ఒక్కొక్కరే పోతే ఎవరి నిర్లక్ష్యం వాళ్ళది!

ఆ తండాకి పత్రికలు పెట్టిన పేరు 'వితంతువుల ఊరు'. ఆ పేరు వినగానే జాలి పుడుతుంది, బాధ్యత మాయమవుతుంది. అది వితంతువుల ఊరు కాదు, రోడ్డు మింగిన ఊరు. ఆ స్త్రీలను ఒంటరి చేసింది విధి కాదు, ఒక ఇంజనీరింగ్ నిర్ణయం. భర్తను మింగిన రోడ్డునే రేపు ఆమె దాటాలి, కూలికో, రేషన్‌కో, పింఛనుకో.

చట్టం ఏమంటోందో చూడండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి చనిపోతే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకి పడే జరిమానా లక్ష రూపాయల దాకా. అంతే.

చనిపోయింది ఇంటి పని చేసే స్త్రీ అయితే ఆమె వెల ఎంత? 1994లో అదే చట్టానికి జోడించిన రెండో షెడ్యూలు, సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కగట్టింది. ఆ షెడ్యూలు తర్వాత పోయింది, ఆలోచన పోలేదు. ఇంటి పని పని కాదనే భావన తప్పని, దానికి విలువ కట్టి తీరాలని 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ రాయాల్సి వచ్చింది. అంత చిన్న విషయం చెప్పించుకోవడానికి మనకు ఇన్నేళ్ళు పట్టింది.

వంతెనలు కడితే జనం ఎక్కడం లేదని అధికారులు అంటారు. గడ్డిమోపుతో, గర్భంతో, మోకాళ్ళ నొప్పులతో అన్ని మెట్లు ఎవరెక్కుతారు? అండర్‌పాస్ ఉంటే అందులో వాన నీళ్ళు, చీకటి, తాగుబోతులు. లారీకి భయపడి కిందికి దిగితే మగవాడికి భయపడాలి. అప్పుడు ఆమె పైనుంచే దాటుతుంది. దాన్ని మనం నిర్లక్ష్యం అంటున్నాం!

గృహహింస, వేధింపులు ఉండగా రోడ్ల సంగతి మనకెందుకని మన మిత్రులే కొందరు అడుగుతారు. ఇంట్లో భద్రత అడిగే మనం ఇంటి ముందున్న రోడ్డు మీద ఎందుకు అడగకూడదు? ఈ చావుల తర్వాత కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగేదీ, అప్పు తీర్చేదీ, పిల్లని బడి మాన్పించి కూలికి పంపాల్సి వచ్చేదీ ఎవరు?

కాబట్టి మన సంఘాలు చేయాల్సిన పనులున్నాయి. రహదారి పక్క ఊళ్ళలో పని చేసేవాళ్ళు ఎవరు, ఎక్కడ, ఏ పని మీద దాటుతూ పోయారో రాసి పెట్టండి. కొత్త రోడ్డు ప్రతిపాదన వచ్చినప్పుడే ఊరి ఆడవాళ్ళు ఎక్కడెక్కడ దాటుతారో అడిగి తీరాలని పట్టుబట్టండి. మెట్లు లేని, వెలుతురున్న దారి అడగండి. ఊరున్న చోట వేగం తగ్గించే ఏర్పాట్లు అడగండి. మనలో బండి నడిపేవాళ్ళం, ఊరు కనపడగానే ముందు మన కాలు తీద్దాం యాక్సిలరేటర్ మీంచి.

ఆ సాయంత్రం డివైడర్ మీద నిలబడ్డామె ఎంతసేపటికి దాటిందో నాకు తెలియదు. నేను ఆగలేదు.