పెద్దమ్మ పెట్టెలోని ఉత్తరాలు

ఖరగ్‌పూరు స్టేషనులో దిగిన కొత్తవారిని ముందుగా ఆకర్షించేది దాని ప్లాట్‌ఫారపు నిడివి. 1072.5 మీటర్ల పొడవుగల ఆ ప్లాట్‌ఫారము ప్రపంచంలోకెల్ల పెద్దదని మేము బడిలో వల్లె వేసేవారము. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయాయి. అందుకు ఊరివారు పెద్దగా బెంగపడినట్లు కనిపించదు. ఆ చివరనుండి ఈ చివరకు నడచి వచ్చేలోగా బెంగాలీ, హిందీ, ఒడియా, తెలుగు మాటలు ఇప్పటికీ చెవిన పడుతూనే ఉంటాయి.

కిందటి శీతకాలంలో మథురాకాటిలో ఉన్న మా పెద్దమ్మగారిని చూడబోయాను. పెదనాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి, అక్కడే పదవీ విరమణ చేసి, అక్కడే కన్నుమూశారు. ఆయన దాచుకొన్న రేకుపెట్టెను పెద్దమ్మ నా ముందు పెట్టించింది. అందులో కార్డులు, ఇన్‌లాండు ఉత్తరాలు కట్టలుగా ఉన్నాయి. టెక్కలి దగ్గరి పల్లెనుండి ఆయన తల్లి ఎవరిచేతనో వ్రాయించి పంపినవవి. పెద్దమ్మకు చూపు మందగించింది. పక్కనే ఆమె మనుమడు కూర్చున్నాడు. పంతొమ్మిదేండ్లవాడు, కళాశాల విద్యార్థి. మా శ్రీకాకుళపు యాసలోనే గడగడా మాట్లాడతాడు గాని, అక్షరం గుర్తుపట్టలేడు.

"అత్తా, ముత్తవ్వ ఏటి రాసిందో కాస్త చదివి చెప్పవా?" అని అడిగాడు.

చదివాను. వానలు ఆలస్యమైనాయి, ఊడ్పులు ఇంకా కాలేదు, పదిహేను రూపాయల మనియార్డరు అందినది, ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. ఇంతే సంగతులు. కుర్రవాడు ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇరవై ఏండ్లుగా ఇంగ్లీషు పుస్తకాలను తెనుగు చేసి పొట్టపోసుకొంటున్నదానను. ఒక తెలుగు ఉత్తరాన్ని ఒక తెలుగువానికి అందజేయడానికి నా అవసరం కలగడం అదే మొదటిసారి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ ఊరికి మనవారు ఎందుకు వెళ్లారన్నది రైలుదారి చెప్పే కథ. బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దాంతంలో ఖరగ్‌పూరును కూడలిగా చేసుకొన్నది. 1900లో అక్కడినుండి హౌరాకు దారి తెరచుకొన్నది. కటకంనుండి వాల్తేరు వరకు ఉన్న తూర్పు తీరపు మార్గం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చినది. దానితో కరవుకాలంలో ఉత్తరాంధ్ర పల్లెలవారికి బండి ఎక్కితే చేరగల పనిచోటు ఒకటి ఏర్పడినది. బాయిలరు షెడ్లలో, లోకోలలో, వర్క్‌షాపులో చేరినవారు అన్నదమ్ములను, బావమరదులను పిలిపించుకొన్నారు.

వారు పొట్టకూటితో తృప్తిపడి ఊరుకోలేదు. ఆ రైల్వే కార్మికోద్యమాన్ని నడిపినవారిలో బరంపురంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి అగ్రగణ్యులు. ఉద్యోగాల తొలగింపులకు వ్యతిరేకంగా 1928లో సాగిన అహింసాత్మకమైన సమ్మెకు ఆయన నాయకత్వం వహించారు. 1969లో ఆయన రాష్ట్రపతి అయినప్పుడు, "మన గిరిగారే" అని మథురాకాటి వీధులలో మిఠాయి పంచుకొన్నారని పెద్దమ్మ ఇప్పటికీ మురిపెంగా చెబుతుంది.

రైలుకట్టకు కొద్ది దూరంలోనే మరొక ఖరగ్‌పూరు ఉన్నది. హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న ఆంగ్లేయుల పోలీసులు నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అసువులు బాశారు. రవీంద్రనాథ ఠాకూరు ఆ దారుణాన్ని బహిరంగంగా నిరసించారు. ఆ చెరసాల భవనంలోనే స్వతంత్ర భారతపు మొదటి ఐ.ఐ.టి. ఊపిరి పోసుకొన్నది, 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని ప్రారంభించారు. చెరసాల చదువులబడి కావడంకంటే ఒక ఊరు చెప్పుకోదగిన ఘనత వేరే ఏముంటుంది? నేడు అక్కడ చదివే విద్యార్థులలో ఆంధ్ర, తెలంగాణ జిల్లాల పిల్లలు ఎందరో ఉన్నారు.

రైల్వే పేటలలోని తెలుగువారు సాధించుకొన్నదీ తక్కువ కాదు. గుడులు కట్టుకొన్నారు. తమ పిల్లలకు తెలుగు బడులు ఏర్పరచుకొన్నారు. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక పరీక్షలో ప్రథమ భాషగా తెలుగును వ్రాసే వీలు ఉన్నది. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికారభాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినది. వలస వచ్చినవారి మాటకు వచ్చినచోట అంతటి మన్నన దొరకడం అరుదు.

అయితే మన్నన దొరికినంతమాత్రాన భాష నిలువదు. రానున్న ఏడాదిలో ఖరగ్‌పూరు తెలుగువారి ముందు రెండు పరీక్షలు ఉన్నాయి.

మొదటిది జనగణన. 2021లో జరుగవలసినది మహమ్మారివలన ఆగిపోయి, 2027 మార్చి 1 ప్రమాణదినంగా జరుగవలసి ఉన్నది. జనగణనలో మాతృభాష అన్నది ప్రత్యేకమైన ప్రశ్న. బాల్యంలో తల్లి మనతో మాట్లాడిన భాష ఏదో చెప్పమని దాని భావం. బడిలో చదివిన భాషను గాని, ఆఫీసులో వాడే భాషను గాని అక్కడ అడుగరు. తెలిసిన ఇతర భాషలు చెప్పుకొనడానికి వేరే చోటు ఉంటుంది. ఆ రాష్ట్రంలో అల్పసంఖ్యాక భాషలకు అధికారికమైన వాడుక కల్పించేటప్పుడు, ఒక ప్రాంతపు జనాభాలో 10 శాతానికి మించి ఆ భాష మాట్లాడేవారు ఉన్నారా అన్నది చూస్తారు. కాబట్టి గుమ్మంలో నిలబడిన ఉద్యోగితో మొగమాటానికి "హిందీ" అనో "బెంగాలీ" అనో చెప్పి పంపివేసిన ప్రతి ఇల్లూ ఆ లెక్కలో ఒక ఇటుకను ఊడదీసినట్లే.

రెండవ పరీక్షకు ఉద్యోగి ఎవరూ రాడు. అది చదవడం, వ్రాయడం. 2003లో తూర్పు తీర రైల్వే వేరుపడి, వాల్తేరు అందులో కలిసిన తరువాత ఖరగ్‌పూరు, వాల్తేరు ఒకే జోనులో లేవు. ఉత్తరాంధ్రనుండి బదిలీపై వచ్చే కుటుంబాల రాక పూర్వంవలె లేదు. ఇంగ్లీషు బడి ఉద్యోగమిస్తుందని తలిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకాన్ని తప్పుపట్టే అర్హత ఇంగ్లీషు చదువుతోనే బ్రతికిన నాకు లేదు. కాని ఆదివారం రెండు గంటలు తెలుగు అక్షరాలు దిద్దితే ఆ ఉద్యోగం ఎక్కడికీ పోదు.

ఇందుకు నిధులు, భవనాలు అక్కరలేదు. ఐ.ఐ.టి. వసతిగృహాలలో తెలుగు వ్రాయనేర్చిన విద్యార్థులున్నారు. వారికి ఇంటి పప్పుచారు మీద బెంగ ఉంటుంది. మథురాకాటిలో, నింపురాలో పప్పుచారు కాచే ఇండ్లున్నాయి. అక్కడి పిల్లలకు అక్షరాలు రావు. ఈ రెండు ఖరగ్‌పూరులకు నడుమ సైకిలుపై పోగలిగినంత దూరమే. ఒక భోజనానికి ఒక పాఠం చొప్పున ఇచ్చిపుచ్చుకొంటే ఏడాది తిరిగేసరికి ఎన్ని రేకుపెట్టెలు తెరచుకొంటాయో! సూరత్‌లో, భివండీలో, జంషెడ్‌పూరులో ఉన్న పాఠకులు తమ ఊళ్లలోనూ ఇటువంటి ఏర్పాటు సాధ్యమేమో ఆలోచించగోరుతాను.

తిరుగు ప్రయాణానికి ముందు మూడు రోజులు ఆ కుర్రవానికి పాత క్యాలెండరు వెనుక ఓనమాలు వ్రాసి ఇచ్చాను. పెద్దమ్మ మంచంమీదనుండే వాని ఉచ్చారణ దిద్దుతూ ఉండేది.

రెండు నెలల తరువాత నాకొక కార్డు వచ్చినది. చిరునామా ఇంగ్లీషులో ఉన్నది, మిగిలినదంతా తెలుగు. 'ళ' ఉండవలసినచోట 'ల', ఒత్తులు ఒకటి తప్పించి ఒకటి. "అత్తా, మొదటి ఉత్తరం నేనే మామ్మకి చదివాను. ఎర్రావు ఈనిందన్న కాడికి వచ్చినాను. తరవాతి మాట తెలవడం లేదు. రాసి పంపిస్తన్నాను, ఏటో చెప్పు" అని వ్రాసి, కింద ఆ మాటను బొమ్మ గీసినట్లు గీశాడు.

'పెయ్యదూడ' అని అదే రోజు జవాబు వ్రాశాను.