గేర్‌బాక్స్ దించాలె అన్నారా? ఒక్క నిమిషం!

మిర్చి సీజన్ వచ్చిందంటే ములుగు నుంచి వరంగల్ వెళ్లే 163వ జాతీయ రహదారి మీద బస్తాల పికప్‌లే కనిపిస్తాయి. తెల్లారేసరికి ఎనుమాముల మార్కెట్‌లో ఉండాలి. సరిగ్గా అప్పుడే బండి మొండికేస్తుంది. క్లచ్ పూర్తిగా తొక్కినా ఫస్ట్ గేర్ పడదు. రివర్స్ వేస్తే కర్ర్‌మంటుంది. ఎలాగోలా గేర్ పడ్డా, క్లచ్ మీద కాలు ఉండగానే బండి ముందుకు పాకుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే మాట తరచూ ఇదే: "క్లచ్ ప్లేట్లు పోయినయ్ అన్నా, గేర్‌బాక్స్ దించాలె."

పోయి ఉండొచ్చు. కానీ సరే అనేముందు ఒక తేడా తెలుసుకోండి. క్లచ్ జారడం వేరు, క్లచ్ విడవకపోవడం వేరు. ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే అది జారడం. అప్పుడు ప్లేటు అరిగిందేమోనని ముందు అనుమానించాలి. మన సమస్య దానికి తలకిందులు. ప్లేటు బాగానే పట్టుకుంటోంది, వదలమన్నప్పుడే వదలట్లేదు. దీనికి కారణం చాలాసార్లు గేర్‌బాక్స్ దించకుండానే దొరుకుతుంది.

ముందు ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే తప్పు క్లచ్ వైపే. ఆపినా గట్టిగానే ఉంటే గేర్ లివర్ కేబుళ్లో, గేర్‌బాక్సో చూడాలి. ఎందుకంటే క్లచ్ తొక్కితే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య లింకు పూర్తిగా తెగాలి. సగమే తెగితే లోపలి షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. తిరిగే పళ్లను ఆగిన పళ్లతో కలపబోతే వచ్చేదే ఆ కర్ర్‌మనే చప్పుడు. రివర్స్‌కు చాలా బండ్లలో సింక్రో రింగ్ ఉండదు, అందుకే అక్కడ ముందు బయటపడుతుంది.

ఇక కాలి దగ్గర్నుంచి మొదలుపెట్టండి. పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడుతోందా? నవ్వొద్దు, పెడల్ చివరిదాకా దిగకపోతే క్లచ్ కూడా చివరిదాకా విడవదు. మీది కేబుల్ క్లచ్ అయితే కేబుల్ వదులైందా, పోగులు తెగుతున్నాయా చూడాలి. సరిచేయడానికి అడ్జస్ట్‌మెంట్ నట్టు ఒక్కటి తిప్పితే సరిపోవచ్చు.

ఆయిల్‌తో పనిచేసే క్లచ్ అయితే ముందు డబ్బాలో ఆయిల్ చూడండి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పెడల్ పైన ఉండే మాస్టర్ సిలిండర్ దగ్గర, గేర్‌బాక్స్ పక్కనుండే స్లేవ్ సిలిండర్ దగ్గర తడి ఉందేమో వెతకండి. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒక్కటే, కాబట్టి ఆ లీకును తేలిగ్గా తీసుకోవద్దు. మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే పోయాలి. అందుబాటులో ఉంది కదా అని ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఇంకో గుర్తు. పెడల్‌ను నాలుగైదుసార్లు గబగబా కొడితే గేర్ పడుతోందా? లైన్లో గాలి చేరి ఉండొచ్చు, ఎయిర్ తీయించాలి. పెడల్ తొక్కి పట్టుకుని ఉంటే కాసేపటికి బండి మెల్లగా పాకడం మొదలవుతోందా? మాస్టర్ సిలిండర్ లోపలి సీలు ప్రెజర్ నిలపట్లేదని అనుమానించాలి.

ఇప్పుడు మీ ఫోన్‌తో అసలు పని. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. తమ్ముణ్ని పెడల్ తొక్కమని, మీరు స్లేవ్ సిలిండర్ రాడ్‌ను వీడియో తీయండి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరొద్దు. రాడ్ కొంచెమే కదిలితే తప్పు బయటే ఉండే అవకాశం ఎక్కువ. ఎంత కదలాలో అంతా కదిలినా క్లచ్ విడవకపోతే అప్పుడు లోపలి సంగతి. కొన్ని మోడళ్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, వాటికి ఈ పరీక్ష కుదరదు.

లోపల ఏముంటుంది? రిలీజ్ బేరింగ్, దాన్ని నెట్టే ఫోర్క్, ప్రెజర్ ప్లేట్ వేళ్లు, వంకర పోయిన క్లచ్ ప్లేటు. రెండేళ్లకోసారి మేడారం జాతర ట్రాఫిక్‌లో గంటలకొద్దీ హాఫ్ క్లచ్ మీద నడిపే బండి సంగతి ఆలోచించండి. ఆ వేడికి ప్లేటు వంగితే, వదిలినా ఓ అంచు రాసుకుంటూనే ఉంటుంది. వాన సంగతి సరేసరి. 2023 జులైలో మన వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి కాలంలో వారాలపాటు కదలకుండా నిలబెట్టిన బండిలో తుప్పు పట్టి ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కోవచ్చు. కొత్త క్లచ్ సెట్ వేయించిన వెంటనే సమస్య మొదలైతే మాత్రం ప్లేటు తిరగేసి బిగించారా, వేరే మోడల్‌ది వేశారా అని అడగండి.

ఏదైనా సరే, "ఈ ఒక్క ట్రిప్పు కొట్టేద్దాం" అని గేర్లు బలవంతంగా గుద్దొద్దు. క్లచ్‌తో పోయేది గేర్‌బాక్స్ దాకా వస్తుంది. అంతకంటే ముఖ్యం, క్లచ్ విడవని బండిని గేర్‌లో ఉంచి స్టార్ట్ చేస్తే ఒక్కసారిగా దూకుతుంది. మార్కెట్‌లో బండి ముందు హమాలీలు తిరుగుతుంటారు, ఇంటి దగ్గర పిల్లలుంటారు.

షెడ్డుకు వెళ్లినప్పుడు "క్లచ్ పోయింది" అనకండి. "ఆపితే గేర్లు పడుతున్నయ్, స్టార్ట్ చేస్తే పడుతలేవు, ఆయిల్ ఫుల్లుగ ఉంది, రాడ్ ఇంతే కదులుతోంది" అని వీడియో చూపించండి. ఆ తర్వాత కూడా దించాల్సిందే అంటే దించనివ్వండి. ఎందుకు దించుతున్నారో అప్పుడు మీకూ తెలుస్తుంది.