పోలిక పెట్టేముందు గుంపులు చూడండి

“తెలుగు మీడియం పిల్లలకు బుర్ర మందం.” “పల్లె పిల్లలకు పట్నం పిల్లలంత చురుకు రాదు.” “ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష అంటే పిల్లల తల గజిబిజి అయిపోతుంది.” ఈ మాటలు మన దిబ్బూరహళ్ళి వైపు పెళ్లిళ్లలో, బస్సుల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఇప్పుడు వీటికి ఫోన్లో కొత్త అండ దొరికింది. ఒక మెదడు బొమ్మ, దాని మీద ఎర్ర గీతలు, నీలం గీతలు. “చూడు, ఈ గుంపు మెదడు వేరు, ఆ గుంపు మెదడు వేరు, సైన్సే చెప్పింది” అంటారు. నేను సైన్సును కాదనడం లేదు. సైన్సు పేరు చెప్పేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను: ఆ గుంపులను ఎలా కట్టారు?

ముందు ఆ గీతలేమిటో చూద్దాం. మనిషిని ఎంఆర్ఐ యంత్రంలో కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోబెడతారు. మెదడులో ఏ భాగానికి రక్తంతో ప్రాణవాయువు ఎప్పుడు ఎక్కువ అందుతోందో, ఎప్పుడు తగ్గుతోందో యంత్రం రాసుకుంటూ పోతుంది. రెండు భాగాల్లో ఈ హెచ్చుతగ్గులు కలిసి నడిస్తే ఆ రెంటికీ సంబంధం ఉందంటారు. ఆ సంబంధానికి −1 నుంచి +1 లోపల ఒక అంకె వేస్తారు. బొమ్మలోని గీత అంటే ఆ అంకె. అది మెదడులో కనబడే తీగ కాదు, తెలివికి వేసిన మార్కు అంతకన్నా కాదు.

ఇక పోలిక. ఒక గుంపు సగటు, ఇంకో గుంపు సగటు, తేడా. పదో తరగతి సంఖ్యాశాస్త్రం పాఠం చదివినవాళ్లెవరైనా ఇది చేసేయొచ్చు. కష్టం తీసివేతలో లేదు, అంతకుముందే ఉంది. మన ఊరి లెక్కలోనే చెప్తాను. బోరు నీళ్లు పారే చేనులో ఒక రకం రాగి వేశారు, వాన మీద ఆధారపడిన చేనులో ఇంకో రకం వేశారు. మొదటి చేనులో పంట ఎక్కువ వచ్చింది. అందుకని “మొదటి విత్తనమే మేలు” అంటే మన తాతలు ఒప్పుకుంటారా? “నీళ్ల సంగతేంది?” అంటారు. రాగి చేను దగ్గర అడిగే ఆ ప్రశ్న మన పిల్లల మెదడు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడగరు?

మెదడు చేనులో అలాంటి నీళ్లు చాలా ఉన్నాయి. వయసు, చదువు, తిండి, నిద్ర, జబ్బులు, చివరికి తల కదలిక కూడా. 2012లో అమెరికాలో వేర్వేరు పరిశోధక బృందాలు ఒక సంగతి బయటపెట్టాయి. యంత్రంలో తల కొంచెం, మిల్లీమీటరులో ఓ వంతు కదిలినా చాలు, దగ్గరి భాగాల మధ్య సంబంధం ఎక్కువగా, దూరపు భాగాల మధ్య తక్కువగా కనబడుతుంది. పెద్దవాళ్లకన్నా చిన్నపిల్లలు ఎక్కువ కదులుతారు కదా! దాంతో పిల్లల మెదడు ఎదుగుదల అనుకున్న తేడాలో కొంత వట్టి కదలికే అని తేలింది.

ఇంకో చిక్కు లెక్కల్లోనే ఉంది. మెదడును 90 భాగాలు చేస్తే జతలు ఎన్ని? 90 మంది ఒకరికొకరు చేయి కలిపినట్టు లెక్కేయండి: 90×89÷2, అంటే 4005. ఒక్కో జతకు నూటికి 5 పొరపాట్లు పర్వాలేదనుకుంటే, అసలు తేడాయే లేని రెండు గుంపుల మధ్య కూడా సుమారు 200 గీతలు తేడాగా కనబడతాయి. 2009లో అమెరికా పరిశోధకులు ఒక చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించారు. ఇన్ని పరీక్షలు ఒకేసారి చేసినందుకు వేయాల్సిన దిద్దుబాటు వేయకపోతే, ఆ చేప మెదడు కూడా “పనిచేసినట్టు” వచ్చింది! దిద్దుబాటు వేస్తే పోయింది. ఫోన్లో బొమ్మ చూపించేవాళ్లు ఈ చేపను గుర్తు పెట్టుకోవాలి.

“ఇన్ని చూసుకుంటూ కూర్చుంటే ఏ పోలికా సాగదు” అని కొందరు అంటారు. సాగుతుంది, మనవాళ్లే సాగించారు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. వాళ్లలో 391 మంది రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాషవాళ్లకన్నా వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. కెనడాలో అంతకుముందు ఇలాంటి ఫలితమే వచ్చినా, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాషదా, వలసదా అన్న అనుమానం మిగిలింది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ పక్కపక్కనే బతుకుతాయి, అక్కడ రెండు భాషలకు వలస అవసరం లేదు. చదువు వల్లేమో అన్న అనుమానానికి, బడికే వెళ్లనివాళ్లను విడిగా తీసి చూశారు. వాళ్లలోనూ తేడా నిలిచింది. పోలిక పెట్టడమంటే ఇదీ.

రెండు భాషల మధ్య పెరిగే మనకు ఈ ఫలితం తీపిగా ఉంటుంది. అయినా మనవైపువాళ్లకూ ఒక మాట చెప్పాలి. దీన్ని పట్టుకుని “మనకు మతిమరుపు రాదు” అని ఎగరకూడదు. అది ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్క, ఊరందరిదీ కాదు. పైగా రెండు గుంపులకూ జబ్బు వచ్చింది, ఒకరికి ఆలస్యంగా, అంతే. మనకు నచ్చిన ఫలితాన్నీ అదే జల్లెడలో పోయాలి.

మన పక్కనే ఇంకో పని నడుస్తోంది. చింతామణి దాటితే వచ్చే శ్రీనివాసపురంలో, 45 ఏళ్లు దాటిన పల్లెవాళ్లను చూసే అధ్యయనం 2018లో మొదలైంది. భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతోంది. పది వేల మంది లక్ష్యం. బెంగళూరులోనూ అలాంటిదే ఒకటి ఉంది. రేపు ఎవరైనా ఈ రెండూ పక్కన పెట్టి “పల్లె మెదడు ఇంతే” అంటే ఏమనాలి? పల్లె గుంపులో బడి ముఖం చూడనివాళ్లు ఎంతమంది, పట్నం గుంపులో ఎంతమంది అని అడగాలి. ఒక గుంపులో అందరూ చదువుకోనివాళ్లు, ఇంకో గుంపులో అందరూ డిగ్రీవాళ్లు ఉంటే, ఆ తేడా ఊరిదో చదువుదో ఏ కంప్యూటరూ విడదీయలేదు. ఆ అధ్యయనం అసలు బలం వేరే చోట ఉంది. అదే మనిషిని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తారు. నిన్నటి తనతో ఇవాళ్టి తనను పోల్చడం కన్నా న్యాయమైన పోలిక ఏముంది?

ఇక మన ఇళ్లకు వద్దాం. ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చిన రోజు ఏ మీడియానికి ఎంత శాతమని పక్కపక్కన పెట్టి చూస్తారు. అది చూసి కొందరు అమ్మానాన్నలు పిల్లల్ని బడి మార్పిస్తారు. కానీ ఆ శాతాల పక్కన ట్యూషన్ ఎవరికి ఉందో రాయరు. బడి నుంచి వచ్చి పట్టుపురుగులకు ఆకు వేసేది ఎవరో, ఎన్ని కిలోమీటర్లు నడిచి వచ్చేది ఎవరో రాయరు.

ఉపాధ్యాయులకూ పెద్దలకూ నా డిమాండ్ చిన్నదే. పిల్లల గుంపులను పోల్చే ముందు ఏమేం లెక్కలోకి తీసుకోవాలో కాగితం మీద రాయండి. అంకెలు చూశాక కాదు, చూడకముందే. అలా చేసి తేడా తేలితే మేం తల వంచి వింటాం, దిద్దుకుంటాం. అలా చేయనంతకాలం “తెలుగు మీడియం బుర్ర” అన్న మాట నోటికి రానివ్వకండి. అది సైన్సు కాదు, నీళ్ల సంగతి అడగకుండా విత్తనాన్ని తిట్టడం.