కట్టేసిన ఆవుకి గంటెందుకు?

మొన్న పండక్కి వచ్చిన మా చిన్నాడపడుచు, మామయ్యగారి చేతికున్న వాచీ చూసి "నాన్నకి పశువుకి కట్టినట్టు గంట కట్టేశారా వదినా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను. ఇవాళ చెప్తాను.

మామయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. డిమెన్షియా వచ్చి నాలుగేళ్ళు. తొమ్మిదయ్యేసరికి "బడికి వేళయింది" అంటూ బయల్దేరతారు. రెండేళ్ళ కిందట అలాగే వెళ్ళి, సాయంత్రానికి బస్టాండులో చెప్పుల్లేకుండా దొరికారు. మర్నాటినుంచి గేటుకి తాళం వేశాం. ఎనిమిది నెలలు! గొళ్ళెం పట్టుకుని ఊపుతూ "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగేవారు. ఆ తాళం ఏ చుట్టానికీ అవమానంగా తోచలేదు. "కోడలు జాగ్రత్తగా చూసుకుంటోంది" అని మెచ్చుకున్నారు కూడా!

ఇప్పుడీ వాచీ ఉంది. లోపల సిమ్ కార్డుంటుంది. ఉపగ్రహాల సాయంతో తనెక్కడుందో కనుక్కుని నా ఫోనుకి చెబుతుంది. మేం పెట్టిన హద్దు దాటితే ఫోను మోగుతుంది. మామయ్యగారు రోజూ వీధి చివరి రామాలయం దాకా నడిచొస్తున్నారు. దారిలో కిళ్ళీకొట్టు అబ్బాయికీ చెప్పి ఉంచాం.

గంట అన్నారుగా! పల్లెలో పుట్టినదాన్ని, నాకు తెలుసు. మేతకి వదిలిన ఆవు ఎటు వెళ్ళిందో తెలియడానికి గంట కడతారు. గుంజకి కట్టేసిన ఆవుని వెతకడానికి గంటతో పనేముంది?

అడక్కుండానూ కట్టలేదు. ఆయన మనసు తేటగా ఉన్న ఓ పొద్దున అడిగాను. "దారి తప్పితే నేనొచ్చి తీసుకొస్తాను మామయ్యగారూ" అంటే, "అయితే కట్టమ్మా" అని చెయ్యి చాపారు.

వాచీయే అన్నీ చూసుకుంటుందని నేననను. రోజూ చార్జింగు పెట్టాలి. ఇంటి లోపలా, ఇరుకు సందుల్లోనూ చోటు సరిగ్గా చూపించదు. సిగ్నల్ లేకపోతే మూగదే. అందుకే ఆయన చొక్కా జేబులో మా నంబరు రాసిన కాగితం కూడా పెడతాను. పైగా వాచీ ఎక్కడున్నారో చెబుతుందే గానీ, వెళ్ళి తీసుకురాదు. పొయ్యి ఆపి పరుగెత్తేది నేనే.

మన దేశంలో అరవై దాటినవారిలో దాదాపు 88 లక్షలమందికి ఈ జబ్బుందని 2023లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా కట్టింది. వాళ్ళలో తాళాల వెనకున్నవాళ్ళని ఎవరు లెక్కపెట్టారు?

మా ఆడపడుచు ఉండేది నాలుగు వీధుల అవతలే. ఆ యాప్ తన ఫోనులోనూ, మావారి ఫోనులోనూ వేయించాను. ఇకనుంచి హద్దు దాటితే ముగ్గురికీ మోగుతుంది. ముందు ఎవరు చెప్పులేసుకుంటారో చూద్దాం!