ఆ 99.9 శాతం ఎక్కడి లెక్క?

హాస్పిటల్ యూనిఫామ్‌లు అమ్మే సైట్లు తెరిస్తే ఈమధ్య తరచూ కనిపించే మాట... ‘యాంటీ మైక్రోబియల్ కోటింగ్, 99.9 శాతం బ్యాక్టీరియా ఖతం’. నర్సుల స్క్రబ్స్, దుప్పట్లు, దిండు గలీబులు, కర్టెన్లు అన్నిటికీ ఇదే లేబుల్. అబద్ధమా అంటే, అన్నిసార్లూ కాదు. ల్యాబ్‌లో ఆ నంబర్ నిజంగానే రావచ్చు. చిక్కంతా ల్యాబ్‌కీ వార్డుకీ మధ్య ఉంది.

పరీక్ష ఎలా చేస్తారో చూడండి. వస్త్రాలకు బాగా వాడే ప్రమాణం ఐఎస్‌ఓ 20743. అందులోని ఒక పద్ధతిలో 0.4 గ్రాముల గుడ్డముక్క మీద 0.2 మిల్లీలీటర్ల బ్యాక్టీరియా ద్రవం వేసి, 37 డిగ్రీల వేడిలో 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. ఆ తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి మామూలు గుడ్డతో పోలుస్తారు. అక్కడ వెయ్యి ఉంటే ఇక్కడ ఒకటే మిగిలిందనుకోండి, అదే 99.9 శాతం.

అంటే కోటింగ్‌కి తడి ఉంది, వెచ్చదనం ఉంది, దాదాపు రోజంతా టైమ్ ఉంది. వార్డులో ఇవేవీ గ్యారంటీ కాదు. నర్సు ఒక మంచం నుంచి పక్క మంచానికి వెళ్లడానికి అర నిమిషం చాలు. స్క్రబ్ చాలావరకు పొడిగా ఉంటుంది. వెండి పనిచేయాలంటే అయాన్లుగా విడివడి బ్యాక్టీరియాను చేరాలి, దానికి తడి కావాలి. పైగా రక్తం, చీము పడ్డాయంటే వాటిలోని ప్రొటీన్లే ఆ అయాన్లను పట్టేసుకుంటాయి.

దీన్ని నిజం షిఫ్టుల్లో పరీక్షించినవాళ్లున్నారు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ హాస్పిటల్ ట్రయల్ 2017లో వెలువడింది. 40 మంది ఐసీయూ నర్సులు, ఒక్కొక్కరికి 12 గంటల షిఫ్టులు మూడు. ఒకసారి మామూలు స్క్రబ్స్, ఒకసారి వెండి మిశ్రమం ఉన్నవి, ఇంకోసారి క్వాటర్నరీ అమ్మోనియం కోటింగ్‌తో పాటు తడి అంటని పూత వేసినవి. షిఫ్టు అయ్యాక చూస్తే బట్టల మీద చేరిన క్రిముల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు 2012లో వర్జీనియాలో వచ్చిన మరో అధ్యయనంలో మొండి బ్యాక్టీరియా ఎంఆర్‌ఎస్‌ఏ బట్టల మీద తగ్గింది. చేతుల మీద మాత్రం తగ్గలేదు. ఇన్ఫెక్షన్ ఎక్కువగా పాకేది చేతుల ద్వారానే కదా!

అలాగని మొత్తం కొట్టిపారేయలేం. ఇజ్రాయెల్‌లో దీర్ఘకాలిక రోగుల వార్డులో కాపర్ ఆక్సైడ్ కలిపిన దుప్పట్లు, బట్టలు వాడినప్పుడు ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2014లో ప్రచురించారు. అది ‘ముందు-తర్వాత’ పోలికే, కాబట్టి కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. కానీ నాకు ఒక సంగతి తడుతోంది. రోగి దుప్పటి మీద గంటలకొద్దీ పడుకుంటాడు, చెమట పడుతుంది. ల్యాబ్ పరిస్థితికి స్క్రబ్ కంటే దుప్పటే దగ్గర. కోటింగ్ దేనికి వేస్తున్నామన్నది కూడా ఇంజినీరింగ్ ప్రశ్నే.

ఇక ఉతుకు. ఆస్పత్రి బట్టలను కనీసం 71 డిగ్రీల వేడినీళ్లలో 25 నిమిషాలు ఉతకాలని అమెరికా సీడీసీ సూచన. బ్లీచ్ అదనం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో వెండి కలిపిన సాక్సులను మామూలు నీళ్లలో ఉతికి చూస్తేనే, కొన్నిటి నుంచి నాలుగు ఉతుకుల్లో వెండి దాదాపు మొత్తం పోయింది. కొన్నిటి నుంచి ఒక్క శాతం కూడా పోలేదు. తేడా అంతా వెండిని పోగుకి ఎలా పట్టించారన్న దాంట్లోనే ఉంది. పోయిన వెండి మురుగులోకే వెళ్తుంది. వెండికి లొంగని బ్యాక్టీరియా కొత్తేమీ కాదు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌నీ, యాంపిసిలిన్‌నీ కలిపి తట్టుకున్న సాల్మొనెల్లా గురించి 1975లోనే రాశారు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ లెక్క తెలిశాక వెండిని ఇష్టమొచ్చినట్టు చల్లడం సరదా వ్యవహారంగా అనిపించదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటి. చిన్న నర్సింగ్ హోమ్ ‘కోటింగ్ ఉందిగా’ అనుకుని దుప్పటి మార్చడం ఒక్కరోజు వాయిదా వేస్తే చాలు, 99.9 లేబుల్ మేలు కంటే కీడే చేస్తుంది.

మరి ఇందులో మనకి పనేముంది? బోలెడుంది. కేంద్రం 2020లో రూ.1,480 కోట్లతో జాతీయ సాంకేతిక జౌళి మిషన్ ప్రకటించింది. మెడికల్ టెక్స్‌టైల్స్ అందులో భాగం. కోయంబత్తూరులోని సిట్రాలో దీనికోసమే ప్రత్యేక కేంద్రం ఉంది. మన దగ్గర ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్ ఉంది. పీజీకి గేట్‌లో ‘టీఎఫ్’ పేపర్ రాయొచ్చు. కెమికల్, బయోటెక్ వాళ్లకీ చోటుంది, ఎందుకంటే అసలు పని బైండర్ కెమిస్ట్రీలో, సూక్ష్మజీవుల పరీక్షల్లో ఉంది. కొత్త కోటింగ్ కనిపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఉన్నదాన్ని వార్డులాంటి పరిస్థితుల్లో పరీక్షించేవాళ్లే కావాలి.

ఫైనలియర్ ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్లకి ఒకటి చెప్తాను. మార్కెట్లో దొరికే రెండు మూడు రకాల కోటింగ్ గుడ్డలు తెచ్చి, 71 డిగ్రీల్లో బ్లీచ్‌తో 50 సార్లు ఉతకండి. గుడ్డలో మిగిలిన లోహం ఎంత, ఉతికిన నీళ్లలోకి వచ్చింది ఎంత అనేది కొలవండి. తర్వాత అదే ఐఎస్‌ఓ పరీక్షను 24 గంటలకు బదులు 10 నిమిషాలకే ఆపి, గుడ్డ మీద కాస్త సీరమ్ కూడా వేసి చూడండి. బ్యాక్టీరియాతో పని కాబట్టి మైక్రోబయాలజీ ల్యాబ్ ఉన్న గైడ్‌ని ముందే పట్టుకోవాలి.